“బాగుంది” అన్న తరవాత

పిల్లవాడు కాగితం పట్టుకుని మన ముందుకి వస్తాడు. దాని మీద రెండు కొండలు, కొండల నడుమ సూర్యుడు, కింద ఓ పాక, పాకకన్నా ఎత్తయిన కోడిపుంజు. “చూడు నాన్నా!” అంటాడు. అప్పుడు మన ఇళ్లల్లో వినబడే జవాబులు రెండే. ఒకటి, ఫోనులోంచి తల ఎత్తకుండానే “భలే ఉందిరా!” అనడం. రెండోది, కాగితం అటూ ఇటూ తిప్పి “ఇంతకీ ఇది కోడా, ఒంటా?” అనడం. ఇంట్లో చుట్టాలెవరైనా ఉంటే ఈ రెండోదానికి గిరాకీ ఎక్కువ. అందరూ నవ్వుతారు. పిల్లవాడూ నవ్వుతాడు, నవ్వకపోతే ఉడుకుమోతు అని పేరొస్తుంది కదా!

ఈ రెండు జవాబుల మధ్యా పైకి కనిపించేటంత తేడా లేదు. ఒకటి తియ్యగా ఉంది, ఒకటి చేదుగా ఉంది, అంతే. రెండిట్లోనూ బొమ్మని చూసినవాడు లేడు. కోడిపుంజు పాకకన్నా ఎత్తుగా ఎందుకుందో అడిగినవాడు లేడు. అడిగితే చెప్పును: అది తెల్లవారుజామున కూస్తోంది, దాని కూతకి ఊరంతా లేవాలి, ఊరంతా లేవాలంటే కోడి ఆమాత్రం ఉండొద్దూ మరి!

పెద్దల నోటి మాటే పిల్లల నోటికి వస్తుంది. బడిలో పక్కవాడి డ్రాయింగు పుస్తకం లాక్కుని “ఛీ, ఇదేం బొమ్మరా!” అనే తొమ్మిదేళ్లవాడు ఆ మాట ఎక్కణ్ణుంచో గాలిలోంచి పట్టుకోలేదు. “సూపర్” అని చెప్పి పుస్తకం తిరిగిచ్చేసేవాడూ అంతే. నేను డిగ్రీ కాలేజీలో తెలుగు పాఠం చెబుతాను. ఒక పద్యం చదివి, నీకేమనిపించిందో నాలుగు వాక్యాలు రాయమంటే తెలివైన పిల్లలు సైతం “ఈ పద్యము మిక్కిలి రమణీయముగా నున్నది” అని మొదలుపెట్టి, అదే సంగతిని మరి మూడు విశేషణాలతో తిరగరాసి కలం మూస్తారు. అది గైడు నేర్పిన భాష. ఏ మాట దగ్గర ఆగావు, ఎక్కడ అర్థం కాలేదు, ఎక్కడ నవ్వొచ్చింది అని అడిగితే బిత్తరపోయి చూస్తారు. ఎనిమిదో ఏట ఎవరూ అడగని ప్రశ్న ఇరవయ్యో ఏట అడిగితే బిత్తరపోక ఏం చేస్తారు?

విమర్శ అనే మాటకి మనం చేసిన అన్యాయం కూడా ఇందులో కొంత ఉంది. పేపరు తెరిస్తే ఫలానా నాయకుడు ఫలానా నాయకుణ్ణి ‘తీవ్రంగా విమర్శించారు’ అని ఉంటుంది. తిట్టారని మనం సుళువుగానే గ్రహిస్తాం. ఆ మాట పుట్టుక అది కాదు. సంస్కృతంలో ‘మృశ్’ ధాతువుకి తాకడం, స్పృశించడం అని అర్థం. ఒక వస్తువుని మనసుతో తడిమి చూడడం విమర్శ. కష్టంలో ఉన్నవాళ్ల ఇంటికి వెళ్లి పలకరించి రావడాన్ని పరామర్శ అంటాం చూశారూ, అదీ ఆ ధాతువులోంచి వచ్చిందే. ఒకే కడుపున పుట్టిన మాటల్లో ఒకదానికి ఓదార్పు, రెండోదానికి తిట్టు వాటాకి వచ్చాయి. పిల్లలకి విమర్శ నేర్పడం అంటే ఆ రెండో మాటని మొదటిదాని దగ్గిరకి కాస్త జరపడమేనని నా అభిప్రాయం.

సరే, నేర్పడం ఎల్లాగ?

మొదట పిల్లల బొమ్మల జోలికి పోకూడదు. ఎవరి మనసూ నొచ్చుకోని బొమ్మ ఒకటి తెచ్చి గోడకి ఆనించాలి. మా డాబా మీద ఆదివారం పొద్దుట ఎనమండుగురో పదిమందో పిల్లలు చేరుతూంటారు, ఏడేళ్లవాళ్ల దగ్గర్నుంచి పన్నెండేళ్లవాళ్ల దాకా. నేను సాధారణంగా రవివర్మతో మొదలుపెడతాను. రవివర్మ 1906లో పోయారు. 1894లో బొంబాయిలో ఆయన పెట్టించిన ముద్రణాలయం పుణ్యమా అని ఆయన లక్ష్మీ సరస్వతులు మన తాతమ్మల దేవుడిగూళ్లలోకి కూడా చేరారు. పైగా ఎవరేమన్నా ఆయన ఏడవరు.

ఆయన ‘శకుంతల’ బొమ్మ మీరు చూసే ఉంటారు. చెలికత్తెలతో నడుస్తూ నడుస్తూ ఆవిడ ఆగి, కాలు ఎత్తి పట్టుకుని, వెనక్కి తిరిగి చూస్తూంటుంది. నేను కథ చెప్పను. ఒకటే షరతు పెడతాను: పది నిమిషాల సేపు ఎవరూ బాగుందనీ అనకూడదు, బాగాలేదనీ అనకూడదు, కనబడేదే చెప్పాలి. ఈ షరతు పిల్లలకి మొదట ఉపవాసంలా ఉంటుంది. “బాగు...” అని నాలిక కరుచుకుంటారు. తరవాత మెల్లిగా మొదలవుతుంది. చెట్లున్నాయి. ఆడవాళ్లున్నారు. ఒకావిడ కాలెత్తింది. “ముల్లు గుచ్చుకుంది మాష్టారూ!”

ముల్లెక్కడుందిరా?

“కనబడదు. చిన్నది కదా.”

అప్పుడు ఇంకెవరో, మామూలుగా నోరు విప్పని పిల్లే, “ముల్లు గుచ్చుకుంటే కాలుకేసి చూసుకోవాలి కదండీ, ఆవిడ వెనక్కెందుకు చూస్తోంది?” అంటుంది. నా అనుభవంలో ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు ఈ మాట అని తీరతారు. ఇక చూడండి. వెనకాల ఎవరో ఉన్నారంటాడొకడు. ఎవరూ లేరు కదా అంటాడింకొకడు. బొమ్మలో లేడు గాని ఉన్నాడంటుంది ఒక పిల్ల. పక్కనున్న చెలికత్తె మొహం చూడు, దానికి తెలిసిపోయింది అంటుంది మరొకతె. దర్భ గుచ్చుకుందన్న నెపంతో శకుంతల ఆగిందనీ, చూసేది దుష్యంతుడి కోసమనీ నేను చెప్పేసరికి సగం కథ వాళ్లే పట్టేశారు. కళ్లు ఎటు చూస్తున్నాయన్న ఒక్క గమనింపులోంచి ఇదంతా వచ్చింది. దీని ముందర “చాలా బాగుంది” అనేది ఎంత పేద మాట!

బొమ్మని చూడడం ఎల్లాగో కాళిదాసు కూడా ఆ నాటకంలోనే ఒక పాఠం పెట్టాడు. ఆరో అంకంలో, చేతులారా పోగొట్టుకున్న శకుంతలని దుష్యంతుడు చిత్రఫలకం మీద గీస్తాడు. దాన్ని విదూషకుడు చూస్తాడు. బొమ్మలో ముగ్గురు స్త్రీలున్నారు. ఇందులో శకుంతల ఎవరని విదూషకుడి సందేహం. నువ్వే చెప్పు చూద్దామంటాడు రాజు. తిండిపోతని మనం నవ్వుకునే ఆ విదూషకుడు ఇక్కడ ఎంత నేర్పుగా జవాబు చెబుతాడో చూడండి: ముడి వదులై పూలు జారుతున్న ఈమె, మొహాన చెమట బొట్లు పుట్టినామె, భుజాలు సోలిపోయి, నీళ్లు పోసి తడిపిన మామిడి మొక్క పక్కన అలసి నుంచున్నామె — ఈమే శకుంతల, తక్కిన ఇద్దరూ చెలికత్తెలు. ‘అందరికన్నా అందగత్తె గనక ఈవిడే’ అని చెప్పి తప్పించుకోలేదు. ప్రతి మాటకీ బొమ్మలో సాక్ష్యం చూపించాడు. నిపుణుడివే నువ్వు అని రాజు మెచ్చుకున్నాడు.

ఆ తరవాత రాజు తన బొమ్మలో తన తప్పులే చూపిస్తాడు: చెమట పట్టిన వేలు తగిలి గీతల అంచులు మాసిపోయాయట, చెక్కిలి మీద కన్నీటిచుక్క పడి రంగు ఉబ్బిందట. ఇంకా ఏమేం గియ్యాలో కూడా చెబుతాడు. మాలినీ నది, ఇసుకతిన్నె మీద హంసల జంట, హిమాలయపు కొండచరియలు, నారచీరలు వేళ్లాడే చెట్టు. ఈ జాబితా విని విదూషకుడికి ఒక కొంటె ఆలోచన వస్తుంది, ఈయన బొమ్మనంతా పొడుగు గడ్డాల మునులతో నింపేసేట్టున్నాడే అని. కాని ఆ మాట పైకి అనడు, తనలో అనుకుంటాడు. ఎదటివాడు ప్రాణం పెట్టి గీస్తున్నప్పుడు హాస్యాన్ని మింగాలని వృత్తిరీత్యా హాస్యగాడైన మనిషికి తెలిసింది. మన ఇళ్లకొచ్చే బాబాయిలకి తెలియదు.

బొమ్మని చూసే పద్ధతి గురించి మన పాతవాళ్లకి ఇంకో మంచి ఎరుక ఉంది. విష్ణుధర్మోత్తర పురాణంలోని చిత్రసూత్రం ఏమంటుందంటే, ఒకే బొమ్మని ఆచార్యులు రేఖ కోసం మెచ్చుకుంటారు, విచక్షణులు వెలుగునీడల పనితనం చూస్తారు, ఆడవాళ్లు నగలు చూస్తారు, తక్కినవారికి రంగు కావాలి. ఆడవాళ్ల గురించి ఆ మాట నేడు మా ఇంట్లో అంటే నాకు కాఫీ దొరకదు, అది వేరే సంగతి. నాకు అందులో పనికొచ్చింది ఏమిటంటే, చూడదగ్గవి ఒక్కటి కాదు, నాలుగు ఉన్నాయి. అందుకని డాబా మీద పిల్లల్ని నాలుగు జట్లు చేస్తాను. ఒక జట్టు గీతలే చూడాలి. ఒకటి వెలుతురెటునుంచి పడుతోందో చూడాలి. ఒకటి చిన్నచిన్న వస్తువులు, నగలు, కుండలు, తలుపు గొళ్లాలు చూడాలి. ఒకటి రంగులు. వారం వారం జట్ల పని మారుతుంది. బొమ్మంతటి మీదా ఒక్కసారి తీర్పు చెప్పడం పిల్లవాడికి కష్టం, పెద్దవాడికీ కష్టమే. నీ వాటాకొచ్చింది గీత ఒకటే అంటే మాటలు వాటంతటవే వస్తాయి.

ఇదంతా నాలుగైదు వారాలు సాగాక వాళ్ల సొంత బొమ్మలు ముందుకి వస్తాయి. అసలు కష్టం ఇక్కడుంది.

ఒక పదేళ్ల అమ్మాయి ఉంది. రంగులు బాగా వేస్తుంది. ఒక ఆదివారం తన బొమ్మలు తెచ్చింది. సంక్రాంతి ముగ్గు దగ్గిర ఆడపిల్లలు, బస్సు కోసం నిలబడ్డ జనం, వాళ్ల మామ్మ. రంగుల జట్టువాళ్లు మెచ్చుకున్నారు. గీతల జట్టులో ఒక కుర్రాడు మాత్రం చాలాసేపు చూసి, “ఇందులో అందరూ చేతులు వెనక్కి పెట్టుకున్నారేం?” అన్నాడు. చూస్తే నిజమే. ముగ్గు దగ్గిర ఆడపిల్లలు కూడా చేతులు వెనక్కి కట్టుకునే నుంచున్నారు, ముగ్గు తనంతట తనే పడ్డట్టు. మామ్మ చేతులు కొంగు కింద. బస్సువాళ్ల చేతులు సంచుల వెనకాల.

ఆ పిల్ల తలొంచుకుంది. తరవాత చెప్పింది. ఏడాది కిందట ఇంట్లో ఏదో శుభకార్యానికి అందరూ చేరినప్పుడు తను గీసిన పెళ్లికూతురి బొమ్మ చేతిలో చేతులు మారిందట. ఒక పెద్దాయన “వేళ్లా ఇవి, అరటిగెలా?” అన్నాడట. అంతే. ఆయన మంచివాడే, పిల్లలకి జామకాయలు తెచ్చిపెట్టే మనిషే. భోజనాలకి లేచేసరికి ఆ మాట మరిచిపోయి ఉంటాడు. ఆ పిల్ల అప్పట్నుంచీ చేతులు గియ్యడం మానేసింది. బొమ్మలు మానెయ్యలేదు, అది అదృష్టం. మానేసినవాళ్లు ఎంతమందో! “నాకు బొమ్మలు రావండీ” అనే పెద్దవాళ్లని కదిపి చూడండి. ఎవరి నోటినుంచి ఏ మాట విన్నాక రాకుండా పోయాయో చాలామందికి జ్ఞాపకం ఉంటుంది.

అరటిగెల అన్నదానికీ, చేతులు వెనక్కెందుకున్నాయన్నదానికీ తేడా గమనించండి. రెండూ చేతుల లోపం గురించే. మొదటిది విన్నాక ఆ పిల్లకి దాక్కోవడం తప్ప చెయ్యడానికేమీ మిగల్లేదు. రెండోది ఒక ప్రశ్న, జవాబుకి చోటుంది. ఆ కుర్రాడికి ఇదేమీ తెలియదు, చూసిందే అడిగాడు. చూశాడు గనక అడిగాడు. ఆ రోజు మేం బొమ్మలు పక్కన పెట్టి అందరం మా ఎడమచేతుల్ని చూసి గీశాం. నాది కూడా అరటిగెలలాగే వచ్చింది. ఇది జరిగిన నాలుగో ఆదివారానికి మామ్మకి ఒక చెయ్యి వచ్చింది, అందులో కాఫీ గ్లాసు. రెండోది ఇంకా కొంగు కిందే ఉంది.

మాటల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, అది నా వృత్తి కూడాను. తెలుగులో మర్యాదంతా క్రియాపదంలో ఉందనుకుంటాం, ‘రా’ అనకుండా ‘రండి’ అంటే చాలనుకుంటాం. బొమ్మ విషయంలో మర్యాద కర్తలో ఉంది. “నీకు చెట్టు గియ్యడం రాదు” అన్నప్పుడు కర్మకాలి మాట మనిషి మీద పడింది. “ఈ చెట్టు మొదలు కొమ్మలకన్నా సన్నంగా ఉంది” అన్నప్పుడు చెట్టు మీదే ఉంది; చెట్టుని దిద్దుకోవచ్చు. అంచేత మా డాబా మీద ‘నువ్వు’, ‘నీకు’ అనే మాటలతో వాక్యం మొదలుపెట్టకూడదు. ‘నాకు’ అని మొదలుపెట్టవచ్చు. “నాకు ఈ మనిషి పరిగెడుతున్నాడో కూచున్నాడో తెలియడం లేదు” అంటే అది చూసేవాడి ఇబ్బంది. గీసినవాడికి వినడానికి అభ్యంతరం ఉండదు.

ఇంకో మాట ‘కాని’. “బాగుంది కాని...” అని మనవాళ్లకి మహా అలవాటు. ఆ ‘కాని’ వినబడగానే పిల్లవాడు ముందరి ‘బాగుంది’ని చెత్తబుట్టలో వేసేస్తాడు, అది మర్యాదకి అన్న మాటని వాడికి తెలుసు. ‘కాని’ తీసేసి రెండు వాక్యాలు విడివిడిగా చెప్పి చూడండి. “వాన చినుకులన్నీ ఒకే వైపు వాలి ఉన్నాయి, గాలి వీస్తోందని తెలిసింది. గొడుగులు మాత్రం గాలికి వంగలేదేం?” ఇందులో మెప్పూ ఉంది, తప్పూ ఉంది, ఒకదాన్నొకటి మింగలేదు.

చేతులకి కూడా ఒక కట్టుబాటు ఉంది: ఇంకొకరి కాగితం మీద పెన్సిలు పెట్టకూడదు. దీనికి మాష్టారూ మినహాయింపు కాదు, అమ్మా మినహాయింపు కాదు. “ఇల్లా గియ్యాలమ్మా” అని మనం వేసిన ఒక్క సొగసైన గీత పిల్ల వేసిన ఇరవై గీతల్నీ వెక్కిరిస్తుంది. చూపించి తీరాలంటే వేరే కాగితం తీసుకోవాలి.

ఇల్లా పిల్లల నోట పిల్లల బొమ్మకి మేలు జరగడం కల్పన కాదు. అమెరికాలో ఐడహో రాష్ట్రంలో బోయిసీ అనే ఊరుంది. అక్కడి బడిలో ఒకటో తరగతి కుర్రాడు ఒకడు సీతాకోకచిలుక బొమ్మ గియ్యాల్సి వచ్చింది. పులిచారల రెక్కలూ, కింద తోకలూ ఉండే జాతి అది. ఎదురుగా ఫోటో ఉంది. వాడు ఫోటో చూడకుండా, పిల్లలందరూ గీసే సీతాకోకచిలుకే గీశాడు: మధ్యలో ఒక పుల్ల, రెండు పక్కలా గుండ్రటి రెక్కలు. తరగతి పిల్లలు దాన్ని ఫోటో పక్కన పెట్టి చూశారు. మొదట రెక్కల ఆకారం మాత్రమే మాట్లాడాలని కట్టడి. ఇక్కడ కోణం ఉంది, ఇక్కడ తోక ఉంది, పై రెక్క ఇంకా పొడుగు అన్నారు. వాడు మళ్లీ గీశాడు. మళ్లీ చెప్పారు. ఆకారం కుదిరాక చారల మీదికి వెళ్లారు. ఆరో మాటు రంగులు వేసేసరికి అది ఆరేళ్లవాడు వేసిందంటే ఎవరూ నమ్మని బొమ్మ అయింది. రాన్ బెర్గర్ అనే ఉపాధ్యాయుడు ఆ ఆరు బొమ్మల్నీ వరసగా గోడకి అంటించి ఇతర బడుల పిల్లలకి చూపిస్తూ ఉంటారు. 2012లో దాని మీద ఒక చిన్న చిత్రం కూడా తీశారు. ఆయన పెట్టిన షరతులు మూడే: దయగా చెప్పు, ఫలానా చోటని చెప్పు, పనికొచ్చేది చెప్పు.

నాకు ఇందులో అన్నిటికన్నా నచ్చింది ఆరు అనే అంకె. మన ఇళ్లల్లో బొమ్మకి ఒకటే జన్మ. గీశావా, చూపించావా, అయిపోయింది. ఒకసారి గీసిందాన్ని రెండోసారి గియ్యడమంటే శిక్ష వేసినట్టు మొహం పెడతారు పిల్లలు, ఇంపోజిషను అలవాటు వల్ల కాబోలు. రెండోసారి గియ్యడానికి వీలు లేనప్పుడు ఎంత మంచి సలహా అయినా వట్టి తీర్పే అవుతుంది. పాతవి పారెయ్యకుండా వెనకాల తారీఖు వేసి దాచి, నాలుగోది గీశాక మొదటిది పక్కన పెట్టి చూపించండి. ఆ క్షణంలో పిల్లవాడి మొహం చూడాలి.

అయితే బోయిసీ కుర్రాడి ముందు ఫోటో ఉందని మరిచిపోకూడదు. ఉన్నదాన్ని ఉన్నట్టు గియ్యడం అక్కడ పని. ప్రతి బొమ్మకీ ఈ తూనిక పనికిరాదు. మరీ ముఖ్యంగా చిన్నపిల్లలకి. విక్టర్ లోవెన్‌ఫెల్డ్ 1947లో పిల్లల చిత్రాల మీద రాసిన పుస్తకంలో దీన్ని విపులంగా చర్చించారు. చిన్నవయసు పిల్లలు కొలతల్ని కంటితో తియ్యరు, మనసుతో తీస్తారు. తమకి ముఖ్యమైనదాన్ని పెద్దదిగా గీస్తారు. అన్నం వడ్డించే అమ్మ చెయ్యి ఆమడ పొడుగుంటుంది. గోడలోంచి ఇంట్లోని మంచం కనబడుతుంది. ఇది తప్పని చెబితే లేపాక్షి కప్పు మీద వీరభద్రుణ్ణి కూడా తప్పనాలి. అంత పెద్ద స్వామి పాదాల దగ్గిర, గుడి కట్టించిన విరుపణ్ణ అంతవాడు చిన్నగా ఉంటాడు. చూసినవాళ్లెవరూ చిత్రకారుడికి కొలతలు తెలియవనలేదు. కాబట్టి అయిదారేళ్లవాళ్ల దగ్గిర దిద్దుబాటు ఊసే వద్దు. “దీని కథ చెప్పు” అంటే చాలు. తొమ్మిదీ పదీ వచ్చేసరికి వాళ్లకే తమ బొమ్మ నచ్చకుండా పోతుంది, చింపి పారేస్తారు. సరిగ్గా అప్పుడు వాళ్లకి చూసే మనిషి కావాలి. సరిగ్గా అప్పుడే మనం “చదువు చూసుకో, బొమ్మలు చాలు” అంటాం.

చూసే మనిషి ఒకడు దొరికితే ఏమవుతుందో రాజమండ్రివాళ్లకి చెప్పక్కర్లేదు. అక్కడి ఆర్ట్స్ కాలేజీకి ప్రిన్సిపాలుగా వచ్చిన ఆస్వాల్డ్ కూల్డ్రే స్వయంగా చిత్రకారుడు. దామెర్ల రామారావులోనూ అడివి బాపిరాజులోనూ ఉన్నదేదో ఆయన కంట పడింది, దాన్ని ప్రోత్సహించాడు. దామెర్ల బొంబాయి జె.జె. స్కూల్లో చదివి, సొంత ఊరు తిరిగివచ్చి చిత్రకళాశాల నడిపి, 1925లో మశూచికంతో ఇరవై ఎనిమిదో ఏట పోయారు. రాజమండ్రిలో ఆయన పేరిట చిత్రశాల ఉంది. పిల్లల్ని తీసుకెళ్లి ‘కార్తీక పౌర్ణమి’ ముందర నుంచోబెట్టి మీరు మాత్రం ఏమీ మాట్లాడకండి.

ఇక పోటీలు. పిల్లల చిత్రాల పోటీలు మనకి కొత్త కాదు. శంకర్ పిళ్లై గారు 1949లోనే తన పత్రిక తరఫున మొదలుపెట్టారు. మరుసటి ఏటి నుంచి ఇతర దేశాల పిల్లలు కూడా పంపారు. పోటీ మంచిదే. కాని మన పేటల్లో జరిగే పోటీల్లో మూడు బహుమతులు, రెండు కన్సొలేషన్లు పంచి, తక్కిన అరవైమందికీ ఒక సర్టిఫికెట్టూ ఒక బిస్కట్ పొట్లమూ ఇచ్చి పంపేస్తారు. ఎందుకు గెలిచాడో గెలిచినవాడికి తెలియదు, ఎందుకు ఓడాడో ఓడినవాడికి తెలియదు. న్యాయనిర్ణేతలు ఫ్యాను కింద కూర్చుని మూడు బొమ్మల ముందైనా నుంచుని, ఇక్కడ మాకిది కనబడింది అని పిల్లల ఎదట చెబితే ఎంత బాగుండును! ఇంటి దగ్గిర తండ్రి గీసిచ్చిన బొమ్మకి ఫస్టు ప్రైజు వచ్చే ముచ్చట గురించి నేను మాట్లాడను; తండ్రులు కూడా ప్రోత్సాహానికి అర్హులే.

ఫోను తెచ్చిన చిక్కు ఇంకొకటి. పిల్ల బొమ్మని ఫోటో తీసి కుటుంబం గ్రూపులో పెడతాం. అమెరికా పిన్ని బొటనవేలు చూపిస్తుంది, హైదరాబాదు మావయ్య చప్పట్లు కొడతాడు, నలభైమందిలో పన్నెండు గుర్తులొస్తాయి. పిల్ల ఆ పన్నెండూ లెక్కపెట్టి, తక్కిన ఇరవై ఎనిమిదిమందికీ నచ్చలేదని తేల్చుకుంటుంది. దానికన్నా ఒక్క పిన్నికి ఫోను చేసి, బొమ్మ ఎదురుగా పెట్టుకుని, “ఆ వెనక కిటికీలో ఎవరే?” అని అడిగించండి.

సలహా వినడం నేర్పినట్టే కాదనడం కూడా నేర్పాలి, ఇది చాలామంది మరిచిపోతారు. డాబా మీద పద్ధతి ఇది: అందరూ చెబుతున్నంతసేపూ గీసినవాడు మాట్లాడకూడదు, సంజాయిషీ ఇవ్వకూడదు, విని రాసుకోవాలి. అందరూ చెప్పడం అయ్యాక ఏది తీసుకుంటాడో, ఏది వదిలేస్తాడో వాడి ఇష్టం. వదిలేసినందుకు ఎవరూ అలగకూడదు. ఈమధ్య ఒక ఎనిమిదేళ్లవాడు గోదావరి గీసి తెచ్చాడు. నది ఇటికరాయి రంగులో ఉంది. నది నీలంగా ఉండాలని ఏడుగురు చెప్పారు. వాడు ఏడింటినీ బుద్ధిగా రాసుకుని, “మార్చను. మా అమ్మమ్మగారి ఊళ్లో వరదప్పుడు ఎర్రగానే ఉంది, నేను చూశాను” అన్నాడు.

“వరదని మాకెల్లా తెలుస్తుంది?” అంది చేతుల అమ్మాయి.

వాడు ఆలోచనలో పడ్డాడు. మరుసటి ఆదివారం అదే గోదావరి మళ్లీ గీసి తెచ్చాడు. నీళ్లు ఇంకా ఎర్రగా ఉన్నాయి. నడిమధ్యన ఒక పూరింటి కప్పు కొట్టుకుపోతోంది, కప్పు మీద మేకపిల్ల. పిల్లలందరూ దాని చుట్టూ మూగారు. ఆ వేళ గీత గురించీ రంగు గురించీ ఎవరూ మాట్లాడలేదు. మేకపిల్ల ఒడ్డుకి చేరుతుందా అని అడిగారు.

“ఇంకా గియ్యలేదు” అన్నాడు వాడు.